కాలము చెల్లిన సూర్యఫలకములు

2025 మే నెల 15వ తేది మొదలు 26 వరకు కాళేశ్వరమున సరస్వతీనదికి పుష్కరములు జరిగినవి. ప్రాణహిత వచ్చి గోదావరిలో గలియు నా చోట సరస్వతి అంతర్వాహినిగ నున్నదని మనవారి విశ్వాసము. ఆ స్నానము నెపమున నేను మా చిన్నమ్మ యింట నాలుగు దినములు గడిపితిని. కాళేశ్వరాలయమున నొకే పానవట్టముమీద రెండు లింగములుండుట సోదరీమణులలో ననేకులు చూచియే యుందురు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు. రెండవది ముక్తీశ్వరుడు, అనగా శివుడు. ముందు కాలునికి మ్రొక్కి, పిదప శివునికి మ్రొక్కుట యచటి యాచారము. నేనును అట్లే మ్రొక్కి యిల్లు చేరితిని.

ఆ సాయంకాలము చిన్నమ్మ నన్ను పశువులకొట్టము వెనుకకు పిలుచుకొనిపోయినది. గోనెసంచి కప్పి గోడకు జేరవేసిన వస్తువొకటి యచట నున్నది. సంచి తొలగింపగా నిలువెత్తు నల్లని అద్దపుపలక. అద్దమంతయు సాలెగూడువలె బీటలు వాఱి యున్నది.

దాని కథ యిది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన సూర్యఘర్ పథకము క్రింద చిన్నమ్మ తన మేడమీద ఆరు సూర్యఫలకములను పెట్టించుకొన్నది. సోలార్ ప్యానెళ్లని మనము వ్యవహరించునవి యివియే. మూడు కిలోవాట్ల యేర్పాటునకు డెబ్బదియెనిమిది వేల రూపాయలు ప్రభుత్వమువారిత్తురు. దేశమున కోటి యిండ్లకు దీనిని విస్తరింపజేయవలెనని వారి సంకల్పము. నెలనెల కరెంటు బిల్లు తగ్గినదని చిన్నమ్మ సంతసించినది. ఇంతలో కోతులు వచ్చినవి. క్షేత్రమందలి కోతులకు దయాదాక్షిణ్యములు లేవు. ప్రక్కయింటి పిట్టగోడమీది వదులైన యిటుకను దొర్లింపగా నది వచ్చి యొక ఫలకము నడుమ బడినది. ఫలకములు బిగించినవారు వచ్చి, వెల పుచ్చుకొని క్రొత్తది యమర్చిరి. పాతదానిని దింపి వాకిట నిలబెట్టి పోయిరి.

పాతసామానులు కొనువాడొకడు వచ్చి చూచి, "ఈ చుట్టున్న రేకు, వైర్లు నాకియ్యమ్మా, రెండు నూర్లిస్త. అద్దం నాకొద్దు, మీరే యాడనన్న పారెయ్యుండ్రి" అన్నాడట. చిన్నమ్మ యొప్పుకొనలేదు. ఒప్పుకొనకపోవుటకు కారణము శాస్త్రజ్ఞానము కాదు. నిలువెత్తు అద్దమును పాఱవేయుటకు ఆమెకు చోటు తోచలేదు, అంతే. నన్ను జూచి యిట్లడిగినది: "పగిలిన దేవుని పటాలను తీస్కపోయి గోదాట్ల కలుపుతం గద బిడ్డా! దీన్నేడ కలుపాలె?"

నేను మొదట నవ్వితిని. తరువాత నవ్వు రాలేదు. ఏలయన, ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు. ఇల్లు చేరిన పిదప విచారించి తెలిసికొన్న సంగతులను సోదరీమణుల కెఱిగించుచున్నాను. నేడు మన మేడలమీదికి వచ్చుచున్న యీ ఫలకము లొకనాడు మన పెరటిలోనికి దిగక తప్పదు గదా.

సూర్యఫలకము బొబ్బట్టువంటిది, మా వైపు పోలె యందురు. పైన మందమైన గాజు. దాని క్రింద జిగురువంటి ప్లాస్టిక్కు పొర. నడుమ పూర్ణమువలె నల్లని సిలికాన్ బిళ్లలు. వాని క్రింద మరల జిగురు, అట్టడుగున మఱియొక ప్లాస్టిక్కు పొర. చుట్టును అల్యూమినియపు చట్రము. వెనుకవైపు తీగెలు గూర్చిన చిన్న పెట్టె. ఈ పొరలన్నిటిని వేడిచేసి యొత్తి, గాలియు తేమయు జొరకుండ నొకటిగ నదుకుదురు. ఇరువదియైదేండ్లు ఎండకు, వానకు, వడగండ్లకు తట్టుకొని నిలువవలెనన్నచో నట్లు అదుకక తప్పదు. ఆ దృఢత్వమే తుదకు చిక్కైనది. కాల్చిన బొబ్బట్టునుండి పూర్ణమును పిండి యంటకుండ వేఱుచేసి తెమ్మన్నచో మనలో నెవరు చేయగలరు?

ఇరువదికిలోల ఫలకమును దీసికొన్నచో అందు పదునైదు కిలోలు గాజే. రెండు కిలోలు ప్లాస్టిక్కు, కిలోన్నర చట్రపు అల్యూమినియము. సిలికాను కిలోకు లోపుగ నుండును. రాగి పావుకిలోకు మించదు. ఇక వెండి! అవును, ఆ నల్లని బిళ్లలమీద వెండ్రుకలంత సన్నగ కనబడు తెల్లని గీతలు వెండితో నచ్చొత్తినవే. ఫలక మంతటిలో నున్నది తులము వెండి. క్రొత్తవానిలో నింకను తక్కువ. బండివాడు పుచ్చుకొందునన్న రేకును తీగెలును రెండు కిలోలు. తక్కిన పదునెనిమిది కిలోలు మన నెత్తిమీదనే.

ఆ వెండిని దీయు విధానమును చదువుచుండగా నాకు మన పాతచీరలు జ్ఞప్తికి వచ్చినవి. చినిగిన పట్టుచీరలు కొందుమని వీథులు తిరుగువారి నెఱుగని యిల్లాలు లేదు. వారు కొనునది పట్టును గాదు, సరిగను. సరిగయంచును మూకుటిలో వేసి కాల్చిన పట్టు బూడిదయై పోవును, వెండి మిగులును. ఫలకమును సంస్కరించు కర్మాగారమునందు జరుగునదియు నించుమించుగ నిదియే. ముందు చట్రమును, తీగెలపెట్టెను ఊడదీయుదురు. పిదప ఫలకమును సుమారు అయిదువందల డిగ్రీల వేడిమి గల కొలిమిలో నుంచగా జిగురంతయు కాలిపోయి గాజు వేఱుగ, బిళ్లలు వేఱుగ వచ్చును. ఆ బిళ్లలను నత్రికామ్లమున గరగించి వెండిని రాబట్టుదురు. కొన్నిచోట్ల కాల్చుటకు బదులు వేడికత్తితో గాజును పొరనుండి కోసి తీయుదురు. మఱికొన్నిచోట్ల అంతయు పొడికొట్టి జల్లెడపట్టుదురు. పొడికొట్టుట చౌక, కాని గాజులో సిలికాను, సిలికానులో ప్లాస్టిక్కు కలిసిపోయి యేదియు పూర్తివెల చేయదు. బియ్యములో నూకలు కలిసిన చందము.

సరిగను పెరటిలో కాల్చుకొనవచ్చును. ఫలకమును మాత్రము కాల్చరాదు. అడుగున నున్న ప్లాస్టిక్కు పొరలో పలుమారు ఫ్లోరీను కలిసి యుండును. అది కాలినపుడు వెలువడు వాయువు కండ్లను, ఊపిరితిత్తులను దహించును. కర్మాగారమున నా పొగను కడిగి విడుతురు. పెంటకుప్పవద్ద దానిని పీల్చువారు మన పిల్లలు. ఇంక సీసము. బిళ్ల నుండి బిళ్లకు పోవు రాగిరేకులను మాటువేయుటకు తగరముతో సీసమును గలిపి వాడుదురు. ఒక ఫలకమున నుండు సీసము కొద్ది గ్రాములే. ఫలకము చెక్కుచెదరక యున్నంతవరకు అది బయటికి రాదు, ముట్టుకొన్నంత మాత్రమున నపాయము లేదు. కాని ముక్కలై తడినేలలో, ముఖ్యముగ చెత్త కుళ్లి పులిసిన గుంటలలో, ఏండ్లతరబడి నానినచో నది మెల్లమెల్లగ నీటిలోనికి దిగును. చిన్నమ్మ యడిగినట్లు గోదావరిలో గలిపినచో నెక్కడికి పోవునో వేఱుగ జెప్పనేల? కాళేశ్వరము దిగువను ఎన్ని యూళ్ల త్రాగునీరు ఆ నదియే!

ఇది చదివి సూర్యవిద్యుత్తే చెడ్డదని తలపోయువా రుందురేమో. నా యభిప్రాయము అది కాదు. ఇదే భూపాలపల్లిలో బొగ్గుగనులున్నవి; చెల్పూరున కాకతీయ విద్యుత్కేంద్రము బొగ్గును కాల్చి పదునొకండు వందల మెగావాట్ల విద్యుత్తు తీయుచున్నది. మనదేశపు బొగ్గులో నూటికి ముప్పది నలుబదిపాళ్లు బూడిదయే. ఆ బూడిద దినదినమును వచ్చును. ఫలకములు మిగిల్చు చెత్త యిరువదియైదేండ్ల కొకసారి వచ్చును, అదియును గాజు, లోహము. దానితో దీనికి పోలిక లేదు. కాని తక్కువ చెత్తయనుటకును, చెత్తయే లేదనుటకును భేదమున్నది. అమ్మకపువారు రెండవమాటయే చెప్పుచున్నారు.

లెక్క యెంతవరకు బోవునో చూడుడు. బొగ్గు త్రవ్వు సింగరేణి సంస్థయే భూపాలపల్లిలో పది మెగావాట్ల సౌరకేంద్రమును నెలకొల్పినది. ఫలకమొకటికి 330 వాట్లని వేసికొన్నను అచట ముప్పదివేల ఫలకములు. గోదావరి కెగువను రామగుండమున ఎన్.టి.పి.సి. వారి జలాశయముమీద తేలియాడు నూఱు మెగావాట్ల కేంద్రము 2022 జులై 1వ తేదీనాటికి పూర్తిగ పనిచేయనారంభించినది. అందు నలుబది భాగములు. భాగమునకు 11,200 ఫలకములు. అనగా 4,48,000. ఒక్కొక్కటి ఇరువది కిలోలనుకొన్నను సుమారు తొమ్మిదివేల టన్నులు. ఆంధ్రమున కర్నూలుజిల్లాలో 2017లో వెలసిన సౌరవనము వేయి మెగావాట్లది. దాని లెక్క పాఠకురాండ్రే వేసికొనవచ్చును.

ఢిల్లీలోని ఇంధన, పర్యావరణ, జలవనరుల మండలివారు కేంద్రమంత్రిత్వశాఖతో గలిసి 2024లో నొక నివేదిక ప్రకటించిరి. 2023 మార్చినాటికి దేశమున నెలకొల్పిన కేంద్రములవలన నప్పటికే లక్ష టన్నుల వ్యర్థము పుట్టియున్నదట. 2030 నాటికి అది ఆఱులక్షల టన్నులు, 2050 నాటికి కోటితొంబదిలక్షల టన్నులు కాగలదని వారి యంచనా. అందధికభాగము వచ్చు నయిదు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఇరువదియైదేండ్ల యాయువున్న వస్తువు ఇప్పుడే వ్యర్థమగుట యేమని మీరడుగవచ్చును. తెచ్చునప్పుడు పగిలినవి, గాలివానకు ఎగిరినవి, తయారీలోనే చెడినవి, చిన్నమ్మ యింటి దానివలె అకాలమరణము నొందినవి ఇవి. నిజమైన ముసలితనపు వ్యర్థ మింకను ముందున్నది.

చట్టము లేకపోలేదు. 2022 నవంబరులో వెలువడి, 2023 ఏప్రిలు 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన విద్యుత్పరికర వ్యర్థముల నిబంధనలలో సూర్యఫలకములను గూడ జేర్చిరి. వానిప్రకారము ఫలకములు తయారుచేయువారును, దిగుమతి చేసికొని యమ్మువారును ప్రభుత్వమువద్ద పేరు నమోదు చేయించుకొనవలెను. తమవలన గలిగిన వ్యర్థమును 2034-35 వరకు విధివిధానముల మేరకు నిలువచేసి యుంచవలెను, లెక్కలు చూపవలెను. ఐరోపాఖండపు దేశములవారు 2012లోనే యీ బాధ్యతను తయారీదారులపై మోపిరి. ఫ్రాన్సుదేశమున రూసే యను నూర వెయోలియా సంస్థవారు 2018లో కేవలము ఫలకములకే యొక కర్మాగారము దెఱచిరి. మనదేశమున నీ పని యిప్పుడిప్పుడే మొదలగుచున్నది. హైదరాబాదునందు సీమెట్ అను కేంద్రప్రభుత్వ పరిశోధనశాల విద్యుద్వ్యర్థములనుండి లోహములను రాబట్టు విధానములపై పనిచేయుచున్నది. చట్టము నిలువచేయుమన్నది బాగుగనే యున్నది. కాని కాళేశ్వరమందలి పశువులకొట్టమునుండి ఆ నిలువగది వఱకు దాని నెవరు మోసికొని పోవలయునో మాత్రము చిన్నమ్మకు నెవరును చెప్పలేదు.

ఇక డబ్బు సంగతి. అసలు ముడి యిచ్చటనే యున్నది. ఆ మండలివారే 2025లో చెప్పినదానిని బట్టి, నియమానుసారముగ ఫలకములను సంస్కరించువానికి టన్నుకు పది పండ్రెండు వేల రూపాయలు నష్టము వచ్చుచున్నది. ఖర్చులలో నెల్ల పెద్దది కొలిమిది గాదు, ఆమ్లములది గాదు. పాతఫలకములను కొనుటకే ఫలకమునకు ఆఱువందల వఱకు నగుచున్నదట. ఏలయన, వీథిలోని పాతసామానుల వర్తకునితో పోటీపడి కొనవలసియున్నది. ఆ వర్తకుడు పొగను కడుగనక్కఱలేదు, సీసమును దాచనక్కఱలేదు. చట్రమూడదీసి తక్కినది చెఱువుగట్టున పాఱబోయును. కనుక నెక్కువ వెల యీయగలడు. అతడు బీదవాడు, పొట్టకూటికి జేయుచున్నాడు. అతని దూషించుట నాకిష్టము లేదు. కాని అతడు మనకిచ్చు నధికపు రూపాయలు మన చెఱువునుండియే తీసి యిచ్చుచున్నాడని మాత్రము గ్రహింపవలెను.

దీనినిబట్టి నాకొక యాలోచన తోచినది. జనగామవద్ద పెంబర్తి గ్రామమును మీరెఱుగుదురు. ఇత్తడిరేకుపై నగిషీపని చేయుటలో నాయూరు ప్రసిద్ధి కెక్కినది. మన యిండ్లలో సొట్టపడిన బిందె నెన్నడైన పాఱవైచితిమా? అంగడికి గొనిపోయి తూకము వేయించి, తరుగు తీసి, మజూరి కట్టి, క్రొత్తబిందె తెచ్చుకొందుము. తరుగు తీసినాడని వర్తకునితో కొంత వాదులాడుదుము గాని, తరుగే యుండరాదని యెవరును అనరు. సూర్యఫలకములకును అట్టి అంగడియే కావలెను. పాతది యిచ్చినవారికి పెద్దమొత్తము రాకపోవచ్చును. క్రొత్తదాని వెలలో కొంత తగ్గించి పాతదానిని తీసికొనిపోయినను చాలును.

ఈ మాట నేను చిన్నమ్మ నుద్దేశించియే చెప్పుటలేదు. తెలంగాణమున మహిళాసంఘములచేత వేయి మెగావాట్ల సౌరకేంద్రములు పెట్టింతుమని ప్రభుత్వమువారు 2024లో ప్రకటించిరి. పొదుపుసంఘములలో పదియు నూఱును గూడబెట్టుకొన్న స్త్రీలు విద్యుత్తు నమ్ము యజమానురాండ్రగుట నాకెంతయు సంతోషకరము. కావుననే వారు మొదటిదినముననే తుదిదినపు లెక్క గూడ వేసికొనవలెనని నా కోరిక. ఒక మెగావాటు కేంద్రమునకు నాలుగెకరముల నేల, నేటి పెద్దఫలకములు సుమారు 1850 పట్టును. ఒక్కొక్కటి ఇరువదియెనిమిది కిలోలు. వెఱసి యేబది టన్నులు. పండ్రెండువేల చొప్పున నష్టమంతయు తామే భరింపవలసి వచ్చెననుకొన్నను ఆఱులక్షల రూపాయలు. ఆ కేంద్రము ఏటేట పండించు విద్యుత్తు పదునైదు లక్షల యూనిట్లు. యూనిటుకు రెండుపైసలు ప్రక్కనబెట్టినచో ఏటికి ముప్పదివేలు, ఇరువదియైదేండ్లకు ఏడున్నర లక్షలు. వడ్డీ గాక! రెండుపైసలు. పోపులపెట్టెలో చిల్లర దాచుకొన్న స్త్రీల కిది క్రొత్తవిద్య యేమియు గాదు. ఒప్పందపత్రములలో నీ రెండుపైసల మాటయు, పాతఫలకములను వెనుకకు తీసికొను బాధ్యత యెవరిదను మాటయు వ్రాయించుకొనుట సంఘనాయికల చేతిలోనిపని. అప్పుచేసి పెట్టిన కేంద్రము అప్పు తీరిన పిదప ఏబది టన్నుల గాజుపెంకుల గుట్టను మిగుల్చునా యనునది ఆ కాగితము మీద నాధారపడియున్నది.

ఇండ్లమీద ఫలకములున్న సోదరీమణులకు కొన్ని మాటలు. ఫలకము కొన్న రసీదును, దాని వెనుక నచ్చొత్తియుండు సంఖ్యను నగల చీటీలవలె భద్రపఱుపుడు. ఆ సంఖ్య లేనిదే తయారుచేసినవా రెవరో తేల్చుట కష్టము. ఇరువదియైదేండ్లు నిండినంతమాత్రమున ఫలకము చచ్చిపోదు. ఏటికి నూటికి అరపాలు చొప్పున శక్తి తగ్గుచుండును. అనగా ఆ వయస్సున గూడ ఎనుబదిపాళ్లకు పైగ పనిచేయును. మేడకు చాలనిది పశువులకొట్టమున దీపమునకు, పంకాకు చాలును. ముసలివారిని మూలబెట్టుటకు మునుపు వారేపని చేయగలరో చూచుట మేలు గదా. పగిలినదానిని మాత్రము మరల వాడకుడు. అన్నింటికంటె ముఖ్యమైనది: పగిలినను, ఎండ తగులుచున్నంతసేపు ఫలకము విద్యుత్తును పుట్టించుచునే యుండును. మేడమీద వరుసగ గూర్చినవానిలో వందల వోల్టులుండవచ్చును. చీపురుతో నద్దపుముక్కలు ఊడ్చబోకుడు, నీళ్లు పోయబోకుడు. పిల్లలను దూరముగ నుంచి, పని తెలిసినవానిని పిలువుడు. దింపిన పిదప నల్లని మందపుగుడ్డగాని గోనెగాని కప్పి, తడి తగులనిచోట నిలువుగ నుంచుడు. ఆ విషయమున చిన్నమ్మ తెలియకయే సరిగ చేసినది.

కొందఱు దీపపుస్తంభములకు, ఇన్వర్టర్లకు వాడిన పాతబ్యాటరీల సంగతి యడుగుదురు. అవి పాఱవేయబడవు, ఏలయన వానిలోని సీసమునకు మంచివెల యున్నది. అయితే ఆ సీసమును ఇండ్ల వెనుక కరగించువా రున్నారు. ఆ పొగ ఫలకపు పొగకంటెను చెడ్డది, పసిపిల్లల మెదళ్లను మందగింపజేయును. బ్యాటరీని కొన్న అంగడికే తిరిగి యిచ్చి, వెల తగ్గించుకొనుడు.

చిన్నమ్మ ఫలకము వెనుకనున్న సంఖ్యను నేను వ్రాసికొని వచ్చి, తయారుచేసిన సంస్థవారికి ఆమె పేర జాబు వ్రాసితిని. ఆషాఢమాసమున జవాబు వచ్చినది. హైదరాబాదునందలి తమ గిడ్డంగికి చేర్చినచో పుచ్చుకొందుమని, దారిఖర్చు లీయజాలమని వ్రాసిరి. ఫోనులో చదివి వినిపించితిని. చిన్నమ్మ కొంతసే పాలోచించినది.

"పత్తి తీసినంక మనోళ్ల లారీ వరంగల్లు పోతది. దానిమీద ఏసి పంపుత. ఆడికెల్లి నువ్వు చూసుకో బిడ్డా" అన్నది.

పత్తి చేతికి వచ్చుట కార్తీకమునకు. అంతవఱకు అది గోనెసంచి క్రిందనే యుండును. కోతులు దానిజోలికి పోకుండ ముందొక మంచము అడ్డము పెట్టినదట.